తొంభై పువ్వుల అబద్ధం

తాను చచ్చిపోయిన సంగతి మిరపకాయకి ఒక మంగళవారం ఉదయం, నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపుతుండగా తెలిసింది.

మిరపకాయ అసలు పేరు కాదు. ముక్కు మీది కోపం చూసి చిన్నప్పటి స్నేహితురాలు పెట్టిన పేరు. ఆ స్నేహితురాలు కంటికి కనబడకుండా పోయి పదమూడేళ్ళయింది గానీ పేరు మాత్రం పోలేదు. ఇంట్లో అమ్మ, నర్సరీ నడిపే పిన్ని, ఎరువు బస్తాలు దించే వ్యాను డ్రైవరు, అందరికీ ఆమె మిరపకాయే. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని అలా పిలవడం బాగుండదని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే కోపం కూడా ఎక్కడికీ పోలేదు.

ఫోను చేసింది ఊళ్ళో ఒక స్కూలు లైబ్రరీ టీచరు. "మీ దగ్గర గంటల చెట్టు ఉందాండీ?" అని అడిగింది.

"ఆ పేరుతో ఏమీ లేదండీ. ఎలా ఉంటుందో చెప్పండి."

"తెల్ల పువ్వులు. జానెడు పొడుగు. గంటల్లా కిందికి వేలాడతాయి. సాయంత్రం మంచి వాసనట. ఒక నవల్లో ఉందండీ, మా తొమ్మిదో తరగతి పిల్లలందరిచేతా చదివించాం. రక్తం జబ్బు చేసిన అమ్మాయి, ఆమె స్నేహితురాలు. ఆసుపత్రి కిటికీ బయట ఈ చెట్టు. స్నేహితురాలు రోజుకో పువ్వు కోసుకొచ్చి తలగడ మీద పెడుతుంది. తొంభై రోజులు, తొంభై పువ్వులు. ఆఖరి పువ్వు రాలిన రోజున పాపం..." ఆవిడ ముక్కు చీదింది. సర్దుకుని మళ్ళీ అందుకుంది. "ఆ అమ్మాయి పసుపు రంగు కుచ్చుటోపీ ఎంత బాగుంటుందో! డాక్టర్లకి వాళ్ళ బూట్ల చప్పుడు బట్టి పేర్లు పెడతారు చూడండీ, కిర్రుబాబు, గుర్రండెక్క..."

మిరపకాయ చెయ్యి మట్టిలో అలాగే ఉండిపోయింది. కుచ్చుటోపీ తనది. కిర్రుబాబు అన్న పేరు పెట్టింది తను.

"రాసిందెవరండీ?"

టీచరు ఒక పేరు చెప్పింది. లోకానికి అదొక రచయిత్రి పేరు. మిరపకాయకి మాత్రం ఆ మనిషి డబ్బా. నాలుగు గులకరాళ్ళు వేసి ఊపిన రేకుడబ్బాలా నిమిషం ఊరుకోకుండా వాగేది కాబట్టి డబ్బా. ఒకే బెంచీలో పక్కపక్కన తొమ్మిదేళ్ళు చదివిన డబ్బా. ఆసుపత్రికి బయల్దేరిన రోజున, అందరి జుట్టూ ఊడిపోయినా నీది ఊడదు, నీ కోపానికి భయపడి అంటిపెట్టుకుని ఉంటుంది అని నవ్వించిన డబ్బా.

"వచ్చే శుక్రవారం ఆవిడ మా స్కూలుకొస్తున్నారు. ఆవిడ చేత్తో ఆ చెట్టు నాటించాలని పిల్లల కోరిక," అంది టీచరు.

"తప్పకుండా తెస్తానండీ. నేనే స్వయంగా తెస్తాను," అంది మిరపకాయ.

ఆ మధ్యాహ్నమే పుస్తకం తెచ్చి చదివింది. మొదటి పేజీలో, పువ్వులా రాలిపోయిన నా స్నేహితురాలికి అని ఉంది. ఆ ముక్క రెండుసార్లు చదివింది. ఆ తర్వాత పేజీ పేజీకీ ఒళ్ళు మండిపోయింది. నవల్లో పిల్ల మంచులా తెల్లగా, మాటకంటే ముందు చిరునవ్వుతో, ఒక్కరినీ ఒక్క మాట అనకుండా కిటికీలోంచి చెట్టు చూస్తూ ఉంటుంది. సీతాకోకచిలుకలు దుప్పటి మీద వాలతాయి. వాన కురిస్తే ఆకాశం తన బదులు ఏడుస్తోందంటుంది. ఒకచోట స్నేహితురాళ్ళిద్దరూ గంటపువ్వులో నీళ్ళు పోసుకుని, వంతులేసుకుని తాగుతారు. ఆ పేజీ చదివాక మిరపకాయ పుస్తకం మూసి గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి పిన్ని లోపల్నించి పరుగెత్తుకొచ్చింది.

అమ్మ కూడా చదివింది, రెండు రోజుల్లో, కళ్ళు తుడుచుకుంటూ. "పాపం ఆ పిల్ల! ఎంత ఓర్పు! ఎవరి కన్నబిడ్డో గానీ."

"అమ్మా, అది నేనే."

అమ్మ పుస్తకం వంక చూసింది, కూతురి వంక చూసింది. "నువ్వా? నీకు ఓర్పెక్కడిదే?" అంది ముందు. తర్వాత ఆవిడ మొహం పాలిపోయింది. రాసిందెవరో అప్పుడు అర్థమైంది.

అసలు జరిగింది వేరు. కిటికీ బయట చెట్టు లేదు, చేమ లేదు. సిమెంటు గోడ ఉండేది, దాని మీద మురుగు గొట్టం ఉండేది. మంచులా తెల్లటి పిల్ల సంగతికొస్తే, సూది గుచ్చడానికి మూడోసారి నరం దొరకలేదన్న కిర్రుబాబు మీదికి ఆమె స్టీలు గిన్నె విసిరింది. మొదటి రెండు వారాలు బూట్ల పేర్లు, గిన్నె సంగతి అన్నీ చీటీల్లో రాసి అమ్మ చేత డబ్బాకి పంపేది. డబ్బా ఒక్కసారి వచ్చింది, జబ్బు బయటపడిన మూడో వారంలో. వచ్చి నోరు విప్పేలోపే మిరపకాయకి వాంతి వచ్చింది. దుప్పటి నిండా, డబ్బా చెప్పుల దాకా. "నీళ్ళు తెస్తానుండు," అని బయటికి వెళ్ళింది డబ్బా. అదే వెళ్ళడం.

అదొక్కటే అయితే మిరపకాయ ఎప్పుడో మరిచిపోయేది. మరవనివ్వనిది వేరే ఉంది. కూతురు రోజూ గుమ్మం వంక చూడడం భరించలేక అమ్మ అబద్ధం చెప్పింది. "నువ్వు నిద్రపోతుంటే వచ్చిందే. లేపొద్దంది. తల నిమిరి వెళ్ళింది," అని. దాంతో మిరపకాయ మధ్యాహ్నం నిద్ర మానేసింది. మందుల మత్తుకి కళ్ళు మూతలు పడుతుంటే తొడ గిల్లుకుంటూ మేలుకునేది. ఓడిపోయి ఎప్పుడో ఒకప్పుడు కన్ను మూసేది, లేచేసరికి అమ్మ మళ్ళీ, "అయ్యో, ఇప్పుడే వెళ్ళింది," అనేది. నలభై రోజులు అలా గడిచాయి. ఒంట్లో రక్తం లేని పిల్ల నలభై రోజులు నిద్రతో యుద్ధం చేసింది. చివరికి పక్కలు మార్చే ఆయమ్మే, "ఎవరొస్తున్నారమ్మా? మీ అమ్మ తప్ప పురుగు కూడా రావట్లేదు," అని నిజం కక్కింది. ఆ మర్నాడే మిరపకాయని వేరే ఊరి పెద్దాసుపత్రికి మార్చారు. ఏడాది తర్వాత జబ్బు నయమైంది. ఇల్లూ ఆ ఊళ్ళోనే పెట్టారు.

అమ్మని క్షమించింది. జబ్బుని కూడా క్షమించింది, దానికి తన మీద ప్రత్యేకం పగ లేదు కాబట్టి. డబ్బాని మాత్రం క్షమించలేదు. ఇప్పుడు ఆ డబ్బా తొంభై రోజులు వచ్చానని అచ్చు వేయించుకుంది. దాన్ని చదివి బళ్ళలో పిల్లలు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. మిరపకాయకి ఇంకేమీ అక్కర్లేదు. నేను వెళ్ళలేదు అన్న ముక్క ఆ నోటితో, ఆ పిల్లల ముందు చెప్పించాలి. అంతవరకు ముద్ద దిగదు.

గంటల చెట్టు నర్సరీలోనే ఉంది, వెనక కంచె వేసిన మూల. మొదటి రోజు ఫోనులో వింటూనే ఆమె పోల్చుకుంది. దాని దగ్గరికి పిన్ని ఎవరినీ పోనిచ్చేది కాదు.

"అది ఉమ్మెత్తకి అక్క వరస! దాన్ని పిల్లల బడికి తీసుకెళ్తావా? మతి పోయిందా నీకు?"

"నాటడానికి కాదు పిన్నీ. చూపించి వెనక్కి తెచ్చేస్తా. ఎవరి చెయ్యీ తగలనివ్వను."

"ఎవరి మీదే ఈ కక్ష?"

"నన్ను చంపిన మనిషి మీద."

పిన్ని లోపలికి వెళ్ళి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు తెచ్చి చేతికిచ్చింది.

శుక్రవారం పదింటికి స్కూలు పెరట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. గొయ్యి తవ్వి, తీసిన మట్టి పక్కన కుప్పపోసి ఉంచారు. గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు. రాలుతున్న పువ్వులు, ఎగిరిపోతున్న పక్షులు, ఆకుల్లేని కొమ్మ. ఒక బొమ్మలో మిరపకాయకి రెక్కలు కూడా మొలిచాయి. వాటి ముందునుంచే ఆమె కుండీని చక్రాల బండి మీద తోసుకుంటూ వెళ్ళి గొయ్యి పక్కన ఆపింది. జుట్టంతా టోపీలో దోపుకుంది, చేతులకి తొడుగులున్నాయి. తోటమాలిని ఎవరు చూస్తారు?

డబ్బా చూసింది గానీ పోల్చుకోలేదు. తెల్ల బట్టలు, మెత్తటి మాట. ఆ గలగల ఎటుపోయిందో ఏమో, ఇప్పుడు ప్రతి మాటకీ ముందు చిన్న నిట్టూర్పు. "జాగ్రత్తగా దించమ్మా, పువ్వులు రాలిపోతాయి," అంది. మిరపకాయ పళ్ళు నూరుకుంటూ తలూపింది.

పిల్లలు ఒక్కొక్కరే లేచి అడిగారు. "ఆ చెట్టు దేనికి గుర్తు మేడం?"

"చెట్టు ప్రాణానికి గుర్తు, నాన్నా. పువ్వులు రోజులకి గుర్తు."

"పువ్వులు రాలడం?"

"వదిలెయ్యడం. ప్రేమించిన వాళ్ళని ప్రశాంతంగా వదిలెయ్యడం ప్రకృతి మనకి నేర్పుతుంది."

వదిలెయ్యడం! మిరపకాయకి అరికాలి మంట నెత్తికెక్కింది. వదిలెయ్యడం ఈ మనిషికి చెట్టు నేర్పాలా? అయినా ఆగింది.

రెండు జడల పిల్ల ఒకతి లేచి తనకి నచ్చిన భాగం చదివింది. గంటపువ్వులో నీళ్ళు తాగే ఘట్టం అది. చదువుతూ చదువుతూ ఏడ్చేసింది. డబ్బా లేచొచ్చి ఆ పిల్ల బుగ్గ నిమిరి, "నీకొక పువ్వు ఇస్తానుండు," అంటూ కొమ్మ మీదికి చెయ్యి చాచింది. తొడుగు వేసిన చెయ్యి వచ్చి ఆ మణికట్టుని పట్టుకుంది.

"ముట్టుకోకండి. విషం."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. లైబ్రరీ టీచరు తెల్లమొహం వేసింది. మిరపకాయ పిల్లల వైపు తిరిగింది.

"ఆకు, పువ్వు, గింజ, అన్నీ విషమే. ఉమ్మెత్త జాతి. కడుపులోకి పోతే నోరెండిపోతుంది, కళ్ళు మసకబారతాయి, మతి చెదిరి లేనివి కనబడతాయి. ఎక్కువైతే ప్రాణం పోతుంది. దీన్ని ఇక్కడ నాటడం లేదు, నాతోనే తీసుకెళ్ళిపోతా. మీ పుస్తకంలో ఆ పిల్ల దీంట్లో నీళ్ళు పోసుకుని తాగింది. తొంభై రోజులు దీని పక్కనే పడుకుంది. ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లని చంపింది జబ్బా, స్నేహితురాలా?"

ఈసారి పిల్లలు నవ్వలేదు.

"ఇది కథమ్మా," అంది డబ్బా, ఓపిగ్గా. "చెట్టు ఇక్కడ ఒక ప్రతీక మాత్రమే."

"సరేనండీ, చెట్టు సంగతి వదిలేద్దాం. రక్తం జబ్బు వార్డులోకి పువ్వు రానివ్వరు. ఆకు రానివ్వరు, మట్టి రానివ్వరు. రోగికి క్రిముల్ని తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి. తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. తొంభైసార్లు ఆ తలుపు తోసుకుని వెళ్ళిన మనిషికి ఒక్కసారైనా కనబడదా?"

డబ్బా లైబ్రరీ టీచరు వంక చూసింది. రెండు జడల పిల్ల ముక్కు తుడుచుకుని, అమాయకంగానే అడిగింది. "మీరు నిజంగా తొంభైసార్లు వెళ్ళారా మేడం? ముందుమాటలో ఇదంతా నిజంగా జరిగిందని రాశారు కదా."

మిరపకాయ టోపీ తీసేసింది. జుట్టు నడుము దాకా జారింది.

"చెప్పవే డబ్బా. పిల్ల అడుగుతోంది."

ఆ పిలుపు ఈ లోకంలో ఒక్కరికే తెలుసు. డబ్బా కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాచి, అది అందక, గొయ్యి పక్కన మట్టికుప్ప మీద కూలబడింది. తెల్ల బట్టలన్నీ మట్టయ్యాయి. "నువ్వు... నువ్వు..." అంది.

"బతికే ఉన్నా. పన్నెండేళ్ళుగా ఆరోగ్యంగా, నీకు కనబడకుండా బతుకుతున్నా. ఎన్నిసార్లు వచ్చావో చెప్పు."

లైబ్రరీ టీచరు ఒకడుగు ముందుకేసి, ఏం చెయ్యాలో తోచక ఆగిపోయింది.

"రెండుసార్లు," అంది డబ్బా.

"ఒక్కసారి! ఇంకా అబద్ధమేనా?"

"రెండోసారి కూడా వచ్చాను. ఒట్టు. చాలా రోజుల తర్వాత. నీ మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి పెట్టేశారు. నీ కుచ్చుటోపీ మంచం కింద పడి ఉంది. చచ్చిపోయావనుకున్నాను." పిల్లల వైపు తిరిగింది. "నేను వెళ్ళలేదమ్మా. రోజూ వెళ్ళలేదు. వాంతి చూసి పారిపోయాను. కిటికీ బయట చెట్టుందో లేదో కూడా నాకు తెలీదు."

మిరపకాయ పదమూడేళ్ళుగా వినాలనుకున్న ముక్క అదే. అప్పటి తమ వయసు పిల్లలు రెండు వందల మంది విన్నారు. కడుపు చల్లబడింది. తప్పని ఎవరైనా అంటే అననీ, ఆ క్షణంలో ఆమెకి హాయిగా ఉంది. డబ్బా మొహంలో రంగు దిగిపోవడం కళ్ళారా చూసింది, తనివితీరా చూసింది, చూపు తిప్పుకోవాలని కూడా అనిపించలేదు. టీచరు చప్పట్లు చరిచి పిల్లల్ని తరగతులకి పంపేదాకా అలాగే నిలబడింది. రెండు జడల పిల్ల మాత్రం వెళ్తూ వెళ్తూ చేతిలో పుస్తకాన్ని కుర్చీ మీద వదిలేసి వెళ్ళింది.

మిరపకాయ కుండీని వ్యాను దాకా తోసుకెళ్ళి ఎక్కించి, తాడు బిగిస్తోంది. వెనక అడుగుల చప్పుడయింది.

"అమ్మ బాగుందా?" అంది డబ్బా.

ఆ ప్రశ్నకి ఆరిన మంట మళ్ళీ భగ్గుమంది. "అమ్మ పేరెత్తకు. నేను చచ్చిపోయాననుకున్నావు సరే. మరి అమ్మ దగ్గరికెందుకు రాలేదు? నువ్వు రోజూ వస్తున్నావని అబద్ధమాడి నన్ను బతికించుకున్న మనిషి ఆవిడ. తెలుసా నీకు? నువ్వొస్తావని నేను నిద్ర మానుకున్నాను. నలభై రోజులు. పిల్ల పోయిందనుకుని, ఒక్కసారి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించలేదా? పోనీ ఎవర్నైనా అడగాలనిపించలేదా, నిజంగా పోయిందా అని?"

"ఆ వారంలోనే నాన్నకి బదిలీ అయింది. ఊరు మారిపోయాం."

"అది నేనడిగినదానికి జవాబు కాదు."

డబ్బా తన మట్టి చేతుల వంక చూసుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ మెత్తటి గొంతు లేదు. పాత గొంతుంది, గులకరాళ్ళ గొంతు, కాకపోతే మెల్లగా.

"అడిగితే బతికే ఉందంటారేమోనని అడగలేదు."

మిరపకాయ చేతిలో తాడు ఆగింది.

"ఖాళీ మంచం చూడగానే నాకు ముందు ఏడుపు రాలేదే. హమ్మయ్య అనిపించింది. ఇంక రానక్కర్లేదు, ఆ వాసన పీల్చక్కర్లేదు, ఎందుకు రాలేదని నువ్వు అడగవు అనిపించింది. మెట్లు దిగేటప్పుడు ఒళ్ళు తేలికైపోయింది. బయటికొచ్చి బండి దగ్గర ఐస్ కొనుక్కుని తిన్నాను. మొత్తం తిన్నాను. ఆ తర్వాతే ఏడ్చాను. అప్పట్నించి ఎన్ని పువ్వులు రాసినా ఆ ఐస్ మీద కప్పడానికే."

వ్యాను డ్రైవరు తల బయటికి పెట్టి చూసి, మళ్ళీ లోపలికి పెట్టుకున్నాడు. మిరపకాయకి కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది, తొడుగుతో సహా. డబ్బా తప్పుకోలేదు, మొహం అడ్డం పెట్టుకోలేదు. మూడు వందల పేజీల పుస్తకంలో మిరపకాయకి తను ఒక్కచోట కూడా కనబడలేదు. ఈ నాలుగు ముక్కల్లో ఉంది. జబ్బు కంపుతో, గుమ్మం వంక చూసే కళ్ళతో, ఎవరికీ అక్కర్లేకుండా, ఉన్నదున్నట్టు ఉంది. చెయ్యి దించింది.

"ఇది రాయి," అంది.

"ఏది?"

"ఇప్పుడు చెప్పావే, అదంతా. చెట్టు పీకేసి, సీతాకోకచిలుకల్ని తోలేసి, ఇది రాయి. ఐస్ తిన్నది కూడా రాయి. నేను గిన్నె విసిరింది రాయి. నన్ను చంపకుండా రాయి."

"రాస్తే ఆ పిల్లలు ఇంక నా మొహం చూడరు."

"చూడరు."

డబ్బా మొహం తుడుచుకుంది. మట్టి చెంపల నిండా అంటుకుంది. చిన్నప్పుడు బెంచీలో పక్కకి జరగమని చోటడిగినట్టు అడిగింది. "నువ్వు క్షమిస్తావా?"

మిరపకాయ తాడు ముడి బిగించి, తొడుగులు తీసి, వ్యాను తలుపు తెరిచి ఎక్కింది. కిటికీ అద్దం దించింది.

"క్షమించను," అంది. "చదువుతాను."